యర్రమ్మ లేని ఫొటో

తొంభైల్లో అరకులో దైవాధీనాన్ని గుర్తుపట్టని వాళ్లు ఉండేవారేమో గాని, అతని అక్షరాలు తెలియని వాళ్లు లేరు. స్టేషన్ రోడ్డులో టీ కొట్ల బోర్డులు, టైలరు షాపు అద్దం మీద కత్తెర బొమ్మ, చర్చి గోడ మీద వాక్యాలు, బస్సుల వెనకాల ఊళ్ల పేర్లు అన్నీ అతనివే. డొంకరాయి ప్రాజెక్టు క్వార్టర్లకి నెంబర్లు వెయ్యడానికి వెళ్లి రెండు నెలలు అక్కడే ఉండిపోయాడు ఒకసారి. తండ్రి కురుపాం దగ్గర మిషను బడిలో మాస్టారు. పలక మీద గుండ్రంగా రాయకపోతే వేళ్ల మీద కొట్టే మనిషి. ఆ దెబ్బల వల్లే తన చెయ్యి కుదిరిందని దైవాధీనం నవ్వుతూ చెప్పేవాడు.

రెండువేల మూడు దాటేసరికి విశాఖపట్నం నుంచి ఫ్లెక్సులు రావడం మొదలైంది. పొద్దున్న ఫోన్ చేస్తే సాయంత్రం బస్సులో చుట్ట చుట్టి పంపించేసేవారు. దైవాధీనం ఒక బోర్డుకి మూడు రోజులు తీసుకునేవాడు. ఏడాదిలోపే పని ఆగిపోయింది. భార్య తెరిసమ్మ మిషను హాస్టల్లో వంట చేసేది, ఇల్లు ఆవిడ మీద నడిచింది. ఆయన ఆరు నెలలు ఇంట్లో కూర్చుని, బ్రష్షులన్నీ కిరసనాయిల్లో కడిగి డబ్బాలో పెట్టేసి, ఎస్.కోట వెళ్లి కంప్యూటర్ నేర్చుకున్నాడు. అప్పటికి నలభై నిండాయి. క్లాసులో అందరూ ఇంటర్ పిల్లలు. 'మాస్టారూ' అని పిలిచేవారు గాని, మౌసుని బ్రష్షు పట్టుకున్నట్టు పట్టుకుంటే చూసి నవ్వుకునేవారు.

శివప్రసాద్ ఎస్.కోట వైపు మనిషి. రైతు కుటుంబం. కొండ మీద పసుపు, మిరియాలు, కాఫీ కొని పొట్లాలు కట్టి పట్నాలకి పంపే చిన్న కంపెనీ పెట్టాడు. పేరు లోయసిరి. స్టేషన్ దగ్గర రెండు గదులు, నలుగురు పనివాళ్లు, ఒక కంప్యూటర్. హైదరాబాదులో ఒక పెద్ద షాపు వాళ్లు వెబ్‌సైటు ఉందా అని అడిగారట. లేదంటే మళ్లీ ఫోన్ చెయ్యలేదు. దాంతో శివప్రసాద్ దైవాధీనాన్ని పిలిచి, పొట్లాల మీద లేబుళ్లతో పాటు ఆ వెబ్‌సైటు కూడా చేసిపెట్టమన్నాడు. 'ఆర్టిస్టు గారూ' అని పిలిచేవాడు. బోర్డులు పోయాక ఆ మాట మళ్లీ విన్నది అక్కడే.

రెండువేల ఆరు ఫిబ్రవరిలో ఫొటోల కోసం దైవాధీనం కొండ పైకి వెళ్లాడు. శివప్రసాద్ ఎవరి దగ్గరో డిజిటల్ కెమెరా అడిగి తెచ్చాడు. దాని కార్డులో ఇరవై ఫొటోలకి మించి పట్టవు. ఊరు పదహారు ఇళ్లు. పసుపు తవ్వి, కొమ్ములు ఉడకబెడుతున్న రోజులు. ఒక వాకిట్లో ఇద్దరు ఆడవాళ్లు పెద్ద బాన దగ్గర కూర్చుని ఉన్నారు. పెద్దావిడ సోములమ్మ, అరవై ఉంటాయి. నుదుటి మీద, గెడ్డం మీద పచ్చబొట్టు గీతలు, ముక్కుకి మూడు పోగులు. చిన్నావిడ ఆమె చెల్లెలు యర్రమ్మ. మొగుడు పోయాక అక్క దగ్గరకొచ్చి ఇరవయ్యేళ్లుగా అక్కడే ఉంటోంది. ఇద్దరికీ కలిపి ఒకటే పొయ్యి, ఒకటే పసుపు చేను.

ఫొటో అనగానే సోములమ్మ బిగుసుకుపోయి కెమెరా వైపు చూసింది. యర్రమ్మ అక్క భుజం మీద చెయ్యి వేసింది. సరిగ్గా మీట నొక్కే సమయానికి కోడి ఒకటి వచ్చి ఆరబెట్టిన కొమ్ముల మీద ఎక్కింది. యర్రమ్మ అటు తిరిగి దాన్ని అదిలిస్తూ నవ్వింది. ఫొటోలో ఆవిడ మొహం పక్కకి తిరిగి, కొంచెం చెదిరి ఉంది. చెయ్యి మాత్రం అక్క భుజం మీదే ఉంది.

ఫొటో ఇస్తావా అని అడిగింది యర్రమ్మే. ఓటరు కార్డుకి ఫొటోలు తీసిన రోజు ఆవిడ కూలికి కొయ్యూరు వైపు పోయింది. తర్వాత ఎప్పుడూ ఎవరూ తియ్యలేదు. వచ్చే శుక్రవారం సంతకి వస్తే ఇస్తానని దైవాధీనం చెప్పాడు. మనస్ఫూర్తిగానే చెప్పాడు. ఆ శుక్రవారం ప్రింటరులో ఇంకు లేదు. తర్వాత శుక్రవారం ఆయన లేబుళ్ల పని మీద విజయనగరం వెళ్లాడు. ఆ తర్వాత ఆ మాటే మరిచిపోయాడు.

వెబ్‌సైటు మార్చిలో తయారైంది. మొదటి పేజీలో పెద్దగా ఆ అక్కాచెల్లెళ్ల ఫొటో. పైన కంపెనీ పేరు పసుపు రంగులో, దానికి ఎర్ర నీడ, అచ్చం తను బోర్డు మీద వేసినట్టే. కింద కదిలిపోతూ ఒక వరస అక్షరాలు. చూసినకొద్దీ సంతోషం కలిగింది ఆయనకి. శివప్రసాద్ బాగుందన్నాడు గాని, తెలిసిన వాళ్లకి ఒకసారి చూపించి అప్పుడు పెడదామన్నాడు. అతని బాబాయి కూతురు వెన్నెల హైదరాబాదులో ఒక యాడ్ కంపెనీలో డిజైనరు. దానికోసమే ఎక్కడో ఉత్తరాదిలో చదువుకుని వచ్చింది.

నాలుగు రోజులకి ఆమె దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. మొదటి పేజీని అలాగే బొమ్మగా తీసి, దాని మీద ఎర్ర గీతలు పెట్టి, పక్కన చిన్న చిన్న మాటలు రాసి పంపింది. శివప్రసాద్ చదివి తెలుగులో చెప్పాడు. రంగులు ఎక్కువ. కదిలే అక్షరాలు తీసెయ్యాలి. పేరు చదవడానికి కష్టంగా ఉంది. ఒకచోట మాత్రం, పది షాపుల బోర్డులు ఒకే గోడకి కొట్టినట్టుంది అని రాసింది. ఆ అమ్మాయికి ఈయనెవరో తెలియదు, కావాలని అన్న మాట కాదు. అయినా దైవాధీనానికి చెవులు వేడెక్కిపోయాయి. చివరి గీత ఫొటో మీద ఉంది. యర్రమ్మ మొహం మీద నుంచి నడుం దాకా ఏటవాలుగా ఒక ఎర్ర కొట్టివేత. ఎడమవైపు మనిషి మనల్ని చూడటం లేదు, చెదిరింది కూడా, కన్ను అటు పోతోంది, కుడివైపు ఆవిడ ఒక్కరినీ ఉంచితే పేజీకి బలం వస్తుంది అని పక్కన రాసింది.

ఆ రాసింది తప్పేం కాదు. డిజైను తెలిసిన వాళ్లెవరైనా అదే చెబుతారు. దైవాధీనానికీ అది అర్థమైంది, అర్థమైందనిపించుకోవాలనే ఆత్రం ఇంకా ఎక్కువైంది. తను ఉత్త బోర్డులు రాసే మనిషి కాదని ఆ హైదరాబాదు పిల్లకి తెలియాలి. రెండు రోజులు కూర్చుని అన్నీ మార్చాడు. ఫొటోని సగానికి కోశాడు. కోసినా సోములమ్మ భుజం మీద నాలుగు వేళ్లు మిగిలాయి. వాటిని తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఈయనే చీర రంగుని పక్క నుంచి కొంచెం కొంచెం తెచ్చి, మడతకి మడత కలిపి, ఆ వేళ్లని ఒక్కొక్కటే మాయం చేశాడు. ఎక్కడ చెయ్యి ఉండేదో తనకే తెలియనంత బాగా కుదిరింది. సేవ్ చేసేటప్పుడు పాత ఫొటో మీదే చేసేశాడు. కెమెరా కార్డు అప్పటికే తుడిచేసి కాఫీ పొట్లాల ఫొటోలు తీశారు.

వెన్నెల రెండో మెయిల్ చిన్నది. చాలా బాగుందని, ఆ భుజం దగ్గర పని ఎంత శుభ్రంగా చేశారో అని రాసింది. శివప్రసాద్ అది పైకి చదివాడు. దైవాధీనం ఇంటికెళ్లి తెరిసమ్మకి కూడా చెప్పుకున్నాడు.

ఆగస్టులో జ్వరాలు వచ్చాయి. ఆ ఏడు కొండ మీద ఊళ్లన్నీ జ్వరంతో పడుకున్నాయి. యర్రమ్మని డోలీలో కిందికి దింపుతుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఈ సంగతి దైవాధీనానికి సెప్టెంబరులో, ఒక శుక్రవారం, సోములమ్మ ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డప్పుడే తెలిసింది. ఆవిడ ఏడవలేదు. సంత బుట్ట దించి, తలగుడ్డ తీసి, చెల్లెలు పోయిందని చెప్పింది. తర్వాత అడిగింది.

"ఆ పొద్దు ఫొటో తీసినావు కదా బాబూ. అది ఇత్తావా? దాని మొకం ఇంకెక్కడా నేదు."

దైవాధీనం ముందు అవునన్నాడు. ఆ తర్వాత ఫొటో ఏమైందో గుర్తొచ్చింది. అక్క వరసన పిలుస్తూ, కంప్యూటర్ పాడైందప్పా, వచ్చే వారం రా అన్నాడు.

నిజానికి యర్రమ్మ మొహం పూర్తిగా పోలేదు. వెన్నెల పంపిన ఎర్ర గీతల బొమ్మ కంపెనీ మెయిల్లో అలాగే ఉంది. ఆ సంగతి ఆయనకి మొదటి శుక్రవారమే తట్టింది. చిన్న బొమ్మే, అయినా మనిషి తెలుస్తుంది. కాని అది ఇస్తే ఆ గీత ఏంటని అడుగుతుంది. చచ్చిపోయిన మనిషి మొహం మీద కొట్టివేత చూపించి ఏమని చెప్పాలి? దాన్ని తెరవడానికే చెయ్యి రాలేదు.

రెండో శుక్రవారం వచ్చింది. మూడోది. ఊరి నుంచి సంతకి రెండున్నర గంటల నడక. అమ్మకానికి ఏమీ లేని వారం కూడా వచ్చింది. నాలుగో వారం దైవాధీనం ఆవిడ రోడ్డు మలుపులో కనబడగానే వెనక గదిలోకి వెళ్లి పొట్లాల బస్తాల మధ్య నిలబడ్డాడు. ఆర్టిస్టు గారు లేరని పనివాళ్లు చెప్పారు. అయినా ఆవిడ గుమ్మం మెట్టు మీద కూర్చుంది. కిటికీ రెక్క సందులోంచి ఆవిడ వీపు కనబడుతూనే ఉంది. గంటకి పైగా కూర్చుని లేచి వెళ్లింది. ఆ పూట తెరిసమ్మ అన్నం పెట్టి, ఏటైనాది అని అడిగింది. ఏమీ లేదన్నాడు.

ఐదో వారం ఇంక తట్టుకోలేక ఒక పని చేశాడు. ఇంతకుముందు చేసినవాటన్నింటికంటే అదే పెద్ద తప్పని తర్వాత ఎప్పుడూ చెప్పేవాడు. వెబ్‌సైటులో ఉన్న ఫొటోనే, సోములమ్మ ఒక్కతే ఉన్నది, మంచి కాగితం మీద ప్రింటు తీసి ఉంచాడు. ఆవిడ రాగానే చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూసింది. తిప్పి వెనక కూడా చూసింది. తర్వాత బొమ్మలో తన భుజం మీద వేలు పెట్టింది.

"ఇక్కడ దాని సెయ్యుండాల."

"కెమెరాలో పడలేదప్పా," అన్నాడు దైవాధీనం. "ఆవిడ కదిలిపోయింది కదా. ఒక్కోసారి పడదు."

సోములమ్మ ఇంకేమీ అనదనుకున్నాడు. ఆవిడ ఫొటోని కొంగులో చుట్టుకుని, గుమ్మం దాటబోతూ ఆగింది.

"అంతే బాబూ. అప్పటికే దాని నీడ పోనాదన్నమాట. మాఘ మాసంలోనే పోనాది, నీడ పోనోలు బతకరు. నాను పక్కన కూకొని కూడా సూసుకోనేదు. అప్పుడే పెద్దోలికి సెప్పి ఏదైనా సేయించుంటే ఉండేది."

ఈ మాటలు మెల్లగా చెప్పి వెళ్లిపోయింది. దైవాధీనం గుమ్మంలోకి వచ్చి ఆవిడ వెళ్లడం చూశాడు. అప్పటిదాకా తను ఆవిడకి ఒక ఫొటో లేకుండా చేశాడు. ఇప్పుడు చెల్లెలి చావుకి అక్కే కారణమన్న మాట ఆవిడ నెత్తిన పెట్టాడు. అబద్ధం ఆడేటప్పుడు, అడగకుండా వెళ్లిపోతే చాలనుకున్నాడు. ఆవిడ ఆ అబద్ధాన్ని నమ్మి, దాన్ని మోసుకుంటూ కొండెక్కుతోంది.

ఆదివారం చర్చికి వెళ్లాడు గాని, మనసులో తప్పు ఉంచుకుని రొట్టె తీసుకోకూడదని ప్రభువు బల్ల దగ్గరికి పోలేదు. అది చూశాక తెరిసమ్మ ఊరుకోలేదు. ఇంటికొచ్చాక వాకిలి తలుపు వేసి కూర్చోబెట్టింది. అప్పుడు మొత్తం చెప్పాడు, వేళ్లు ఎలా చెరిపాడన్నదాకా. అదే సంగతి నాతో గొప్పగా సెప్పుకున్నావు అని మాత్రం అంది. లేచి తలుపు తీస్తూ, రేపు పొద్దున్నే బేగి బయల్దేరు, నాను హాస్టల్‌కి సెలవు సెప్పి వత్తాను అంది. ఆయన వద్దని, ఒక్కడే వెళ్తానన్నాడు.

సోమవారం ఆఫీసు తెరవగానే మెయిల్లోంచి ఆ ఎర్ర గీతల బొమ్మని ఉన్నంతలో పెద్దది చేసి ప్రింటు తీశాడు. యర్రమ్మ మొహం బొటనవేలంత వచ్చింది. చెంప, నవ్వు, సగం ముక్కు తెలుస్తున్నాయి. కంటి మీద నుంచి గీత పోయింది. శివప్రసాద్‌కి సంగతంతా చెప్పి కొండెక్కాడు.

సోములమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది. దైవాధీనం ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అప్పా, నీకు అబద్ధం చెప్పాను. యర్రమ్మప్ప ఫొటోలో పడింది. బాగా పడింది. నేనే కోసేశాను."

కాగితం ఇచ్చాడు. ఆవిడ చాట పక్కన పెట్టి అందుకుంది. చెల్లెల్ని చూడగానే పెదాలు కదిలాయి. తర్వాత గీత కనబడింది.

"ఇదేటి, ఎర్రగా?"

"తీసెయ్యమని గుర్తు."

"ఎందుకు?"

ఆయన దగ్గర జవాబు ఉంది. కన్ను అటు పోతోందని, పేజీకి బలం రాదని. ఆ వాకిట్లో ఆ మాటలు అనలేకపోయాడు. అటు తిరిగి ఉందని తీసేశామప్పా అన్నాడు. భుజం మీద చెయ్యి మాత్రం ఎవరూ చెప్పకుండా తనే చెరిపానని కూడా చెప్పాడు. కెమెరాకి నీడలు తెలియవని, మాఘ మాసంలో ఆవిడకి ఏమీ కాలేదని, వానల్లో వచ్చిన జ్వరమే తీసుకుపోయిందని, నీ తప్పు వెంట్రుకంత కూడా లేదని రెండు మూడుసార్లు చెప్పాడు.

సోములమ్మ లేచి లోపలికి వెళ్లింది. చాలాసేపు రాలేదు. దైవాధీనం వెళ్లిపోవాలో ఉండాలో తెలియక అక్కడే కూర్చున్నాడు. ఎండ చూరు దాకా వచ్చింది. ఆవిడ బయటికొచ్చి గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"కోసినావు, పోనీ. అది బతికున్నప్పుడు కోసినావు, నీకేటి తెల్సు. మరి అయిదు సంతలు నన్నెందుకు తిప్పినావు?"

ఆయన లేచి నిలబడ్డాడు. నాకు బొమ్మలు వెయ్యడం వచ్చప్పా, ఈ కాగితం చూసి యర్రమ్మప్ప బొమ్మ వేసి తెస్తాను అన్నాడు.

"తేవడం కాదు. ఇక్కడే కూకొని ఎయ్యి. నాను సూత్తాను."

రెండేళ్లుగా ముట్టని బ్రష్షులు తీశాడు. రెండు బిగుసుకుపోయాయి, మూడు పనికొచ్చాయి. అడుగున్నర రేకుకి తెల్లరంగు పూసి, నాలుగు పూటలు ఆ వాకిట్లో కూర్చుని వేశాడు. సోములమ్మ వెనకాల స్తంభానికి ఆనుకుని కూర్చునేది. ఎడమ చెవికి మూడు రింగులు, రెండు కాదు. గెడ్డం మీద పచ్చబొట్టు నాలుగు గీతలు, చివరిది కొంచెం వంకర, ఎందుకంటే పొడిచేటప్పుడు పిల్లది కదిలింది. పైపన్ను కొంచెం విరిగి ఉండేది. ఆవిడ ఏది చెబితే అది దిద్దాడు. ఒక పూట మొత్తం చెరిపించి మళ్లీ వేయించింది. ఇరుగుపొరుగు వచ్చి తలో మాట చెబితే, సోములమ్మ వాళ్లని ఊరుకోమనేది.

గీత పడిన కన్ను కుదరలేదు. కాగితంలో అక్కడ ఎరుపు తప్ప ఏమీ లేదు. ఆవిడ ఎంత చెప్పినా, ఈయన ఎన్నిసార్లు దిద్దినా అది వేరే ఎవరి కన్నో అయ్యేది. నాలుగో పూట ఆఖరికి సోములమ్మే చాలంది. ఈ కన్ను దానిది కాదు, ఉండనీ అంది. రేకు లోపలికి తీసుకెళ్లి, గింజల గాదె పైన గోడకి కొట్టించింది. దైవాధీనం బయల్దేరుతుంటే రమ్మని గాని పొమ్మని గాని అనలేదు. ఒక్క మాట మాత్రం అడిగింది, కంప్యూటర్లో నాను ఒక్కదాన్నే ఉన్నానా అని. ఉన్నావన్నాడు. "నన్నూ తీసెయ్యి" అంది.

శివప్రసాద్ ఆ ఫొటో తియ్యడానికి ముందు ఇబ్బంది పడ్డాడు. వెబ్‌సైటు చూసి మళ్లీ ఫోన్ చేసిన హైదరాబాదు షాపు వాళ్లకి నచ్చింది అదే. కాని రెండు రోజులకి తనే వచ్చి తీసెయ్యండి ఆర్టిస్టు గారూ అన్నాడు. దాని చోట ఎండబెట్టిన పసుపు కొమ్ముల ఫొటో పెట్టారు. వారం తిరక్కుండా వెన్నెల ఫోన్ చేసింది. పేజీ ఖాళీగా ఉందేంటి, అంత మంచి మొహం ఎందుకు తీసేశారని అడిగింది. దైవాధీనం ఆమెతో మాట్లాడటం అదే మొదటిసారి. జరిగిందంతా చెప్పాడు.

"ఆవిడ ఎవరని నేను ఒక్కసారి అడగాల్సింది," అంది వెన్నెల.

"మీరు కంప్యూటర్లో బొమ్మ చూసి గీత పెట్టారమ్మా. నేను వాళ్లింట్లో మంచినీళ్లు తాగి వచ్చి వేళ్లు చెరిపాను," అన్నాడు.

లోయసిరి ఇంకో మూడేళ్లు నడిచి మూతపడింది. దైవాధీనం తర్వాత మిషను బడిలో డ్రాయింగు చెప్పుకుంటూ, పెళ్లి కార్డులు, కరపత్రాలు డిజైను చేస్తూ బతికాడు. ఎవరి ఫొటో అయినా కొయ్యాల్సి వస్తే, అటు పక్కనున్న వాళ్లెవరని ముందు అడిగేవాడు. కార్డు అడిగిన వాళ్లకి ఇది విసుగ్గా ఉండేది.

సోములమ్మ చాలా ఏళ్లు సంతకి వస్తూనే ఉంది. స్టేషన్ రోడ్డులో ఎదురుపడితే కొన్ని వారాలు ఏం బాబూ అని పలకరించేది. కొన్ని వారాలు చూసి కూడా తల తిప్పుకుని వెళ్లిపోయేది. ఏ వారం ఎలా ఉంటుందో ఆయనకి ఎప్పుడూ తెలిసేది కాదు. శుక్రవారం అయితే మాత్రం, పని ఉన్నా లేకపోయినా, ఆవిడ వెళ్లేదాకా రోడ్డు మీదే ఉండేవాడు.